తళుకుగారు మెరుగుపెట్టిన నాణెం

ఈ కథలో వచ్చే నాణేన్ని నేను నా కుడిచేత్తో పట్టుకుని చూశాను. అరచేతిలో ఎగరేసి బరువు చూశాను, గోటితో మీటి మోత విన్నాను, పంటి కింద పెట్టి కొరికి కూడా చూశాను. పాత నాణేల సంగతి నాకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. కాబట్టి మధ్యలో అనుమానాలు పెట్టుకోకుండా చదివితే కథ తొందరగా ముందుకు పోతుంది.

వీధిలో అందరూ ఆయన్ని తళుకుగారు అనేవారు. ఇత్తడి, రాగి, వెండి సామాన్లకు మెరుగు పెట్టడం ఆయన పని. ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన, మోటారుకు బిగించిన గుడ్డ చక్రం ఉండేది. చక్రానికి ఎర్రటి ముద్ద రాసి, తిప్పుతూ, దాని మీద వస్తువును ఆనిస్తే, లోపల ఎక్కడో దాక్కున్న వెలుగు బయటికి వచ్చేది. ఒకసారి ఆయన మెరుగుపెట్టిన బిందెను ఆరుబయట పెడితే, పక్కింటి కోడిపుంజు అందులో తన బొమ్మను చూసి పొద్దుగూకేదాకా పోట్లాడిందట. చివరికి బొమ్మే గెలిచిందట. పుంజు సిగ్గుపడి ఊరు విడిచి వెళ్ళిపోయిందట.

పనికి వచ్చేవాళ్ళందరూ ఒకే మాట అనేవారు. "ఎక్కువ వద్దండీ, పైపైన తుడిస్తే చాలు." తళుకుగారు తల ఊపేవాడు. తల ఊపి, నిలువునా మెరుగు పెట్టేవాడు. తీసుకోవడానికి వచ్చినవాళ్ళు వస్తువును చూసి నోరు తెరిచేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే తంతు. జనం పైపైన చాలంటారు గానీ లోపల నిలువునా కావాలనే ఉంటుందని ఆయన తేల్చుకున్నాడు. మొహమాటం కొద్దీ అలా అంటారు, అంతే.

ఆయన భార్య బట్టలు కుట్టేది. కుట్టుమిషను వంటగదిలో ఉండేది, ఎందుకంటే ముందుగది చక్రానిది, వెనకగది మంచాలది. ఉప్పు డబ్బా పక్కన దారపు రీళ్ళు, గరిటెల మధ్య కత్తెర. ఒకావిడ తెల్ల గౌను మీద నూనె చుక్క పడితే, చేతి డబ్బు పెట్టి గుడ్డ కొని ఇంకో గౌను కుట్టిచ్చింది. ఒకరోజు తళుకుగారి నోట్లోకి గుండుసూది వచ్చింది. చేపముల్లు అనుకుని మింగబోయానని ఆయన వీధంతా చెప్పుకున్నాడు. ఆ పూట వండింది గుమ్మడికాయ.

అందుకని ఆవిడకు వీధి మలుపులోని గది కావాలి. పెద్ద కిటికీ, తెల్ల గోడలు, పొయ్యి లేదు. ఆవిడకు నచ్చింది ఆ చివరిదే. ఆ గది సొంతదారైన ముసలావిడ ఏడాది అద్దె ముందే కట్టమంది. నెలాఖరు దాకా ఆగుతాను, ఆ తరువాత చెప్పుల కొట్టువాడికి ఇచ్చేస్తాను అంది. ఏడాది అద్దె ఆ ఇంట్లో ఎక్కడుంది? ఎక్కడా లేదు. అప్పుడు ఆవిడకు బొత్తాల డబ్బా అడుగున ఉన్న నాణెం గుర్తొచ్చింది.

ఆవిడ తండ్రి రేవులో పడవ టికెట్లు ఇచ్చేవాడు. ఒకసారి ఎవరో కొత్త వెండి నాణెం ఇచ్చారట. దాని మీద తెరచాప ఎత్తిన పడవ బొమ్మ ఉంది. పడవల మనిషికి పడవ బొమ్మ నచ్చింది. తన జేబులోంచి అంతకంత చిల్లర పెట్టెలో వేసి, నాణేన్ని గుడ్డముక్కలో చుట్టి దాచుకున్నాడు. కూతురి పెళ్ళప్పుడు ఆమె చేతిలో పెట్టాడు. అప్పటికే అది కుండ అడుగులా నల్లబడింది.

ఊళ్ళో పాత నాణేలు కొని అమ్మే ఒకాయన ఉన్నాడు. ఆవిడ ఒక్కతే వెళ్ళి చూపించి వచ్చింది. వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా చక్రం పక్కన నిలబడింది. తళుకుగారు మోటారు ఆపాడు.

"ఏమన్నాడే?"

"కూర్చోమన్నారు. మంచినీళ్ళిచ్చారు."

"నీళ్ళ సంగతి కాదే, నాణెం సంగతి!"

"అదే చెబుతున్నా. ఆ ఏడాది నాణేలు కొట్టే అచ్చుదిమ్మ పగిలిందట. పగిలేలోపు కొట్టిన నాణేలు గుప్పెడేనట. ఉన్నవాటిలో చాలావరకు చేతులు మారి మారి అరిగిపోయాయట. పడవ తెరచాపకు తాళ్ళున్నాయి చూడండి, వెంట్రుకంత సన్నంగా... ముందు అరిగేవి అవేనట. మనదాంట్లో ఒక్క తాడూ పోలేదు."

"ఆ మసిలో తాళ్ళు కనబడ్డాయా ఆయనకి?"

"భూతద్దం పెట్టి చూశారు. ఆ నలుపు కూడా మంచిదేనట. దాని జోలికి పోవద్దన్నారు. సోమవారం ఒకావిడ వస్తుందట, పడవ బొమ్మలే పోగుచేస్తుందట. రెండేళ్ళ గది అద్దె రావచ్చన్నారు."

రెండేళ్ళ అద్దె! తళుకుగారు గుండె మీద చేయి వేసుకున్నాడు. చేతికున్న ఎర్రముద్ద చొక్కాకు అంటింది. కానీ ఆయన చెవిలో నిలిచిపోయింది మాత్రం ఇంకో మాట. జోలికి పోవద్దన్నారట. పాపం, మొహమాటస్థుడు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. తళుకుగారు బొత్తాల డబ్బా తెరిచాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ముప్ఫై ఏళ్ళుగా ఊరి తలుపుల పిడులన్నీ మెరిపించిన మనిషి ఇంట్లోంచి ఇంత నల్లటి సరుకు బయటికి వెళితే, కొనడానికి వచ్చినావిడ ఏమనుకుంటుంది? పైగా భార్యకు తను ఇవ్వగలిగింది ఆ తళుకొక్కటే. మెత్తటి చక్రం బిగించాడు. అన్నిటికంటే సన్నరకం ముద్ద రాశాడు. పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు తుడిచాడు. నలుపు పోయింది. కింద పాలలాంటి తెలుపు వచ్చింది. ఇంకాస్త ఆనించాడు. తెలుపు అద్దమైంది. అందులో తన ముక్కు కనబడింది, ముక్కు మీది పుట్టుమచ్చ కనబడింది.

ఆయన నాణేన్ని కిటికీలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటూ ఉండగా బావమరిది వచ్చాడు. వాడు బస్సు కండక్టరు. భార్యకు తమ్ముడు, నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏంటి బావా, కిటికీలో సూర్యుణ్ణి కట్టేశావా?"

"మీ నాన్న నాణెంరా! చూడు, ఎలా ఉందో."

కండక్టరు దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నవ్వు మెల్లగా పోయింది.

"అక్క నాకు నిన్న చెప్పింది... తాళ్ళున్నాయంది. ఏవి బావా?"

"పడవ మీదున్నాయి, సరిగ్గా చూడు."

"పడవుంది. తెరచాపుంది. తాళ్ళు లేవు. ఇదిగో, నా కళ్ళు బాగానే ఉన్నాయి, నకిలీ పాసులు నడుస్తున్న బస్సులో పట్టేస్తాను. తాళ్ళు లేవు."

తళుకుగారు లాక్కుని చూశాడు. పడవ అద్దంలా ఉంది. తెరచాప గాలి నిండినట్టు ఉబ్బి ఉంది, దాన్ని పట్టుకునే తాడు మాత్రం ఒక్కటీ లేదు. అవన్నీ సన్నటి పొడిగా మారి, చక్రం కింది పళ్ళెంలో ఎర్రముద్దతో కలిసిపోయాయి.

"ఇప్పుడు దీన్ని చూస్తే నిన్న పొద్దున కొట్టినట్టుంది బావా," అన్నాడు కండక్టరు. "పాతదని ఎవడు నమ్ముతాడు? ఎనభై ఏళ్ళ ముసలాయన్ని పెళ్ళికొడుకుని చేసినట్టు చేశావు."

"ఒరేయ్, ఎగతాళి తరువాత. దీన్ని మళ్ళీ నల్లగా చెయ్యాలి."

"నా తోలుసంచిలో వేసెయ్. రెండు ట్రిప్పులు తిరిగితే నాలాగే అయిపోతుంది."

"నీ సంచిలో వేస్తే సాయంత్రానికి ఎవడి జేబులో ఉంటుందో!"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇద్దరూ ఇల్లంతా వెతికారు. దీపం మసి రాశారు, తుడిస్తే పోయింది. బూటు పాలిష్ రాశారు. నాణెం బూటులా నిగనిగలాడింది. చివరికి తళుకుగారికి తన వృత్తిలోంచే ఉపాయం తట్టింది. గుడ్లు తిని తిని నల్లబడ్డ వెండి చెంచాలు ఆయన దగ్గరికి ఎన్నో వచ్చేవి. జీవితమంతా వదలగొట్టిన నలుపును మొదటిసారి ఆయన చేజేతులా పిలవాల్సి వచ్చింది. గుడ్లు ఉడికించాడు. పచ్చసొనలు నలిపి మూత ఉన్న డబ్బాలో నాణెంతోపాటు పెట్టాడు. తెల్లసొనలు బావమరిది తినేశాడు.

నాణెం మొదట పసుపుపచ్చకు తిరిగింది, తరువాత రాగిరంగుకు, ఆ తరువాత వంకాయ రంగుకు వచ్చింది. చీకటి పడేవేళకు నల్లబడింది. కానీ పాత నలుపు కాదు. కాటుక ఎక్కువైన ముఖంలా అక్కడ చిక్కన, ఇక్కడ పలచన.

ఆవిడ ఇంటికి రాగానే వంటగది గుమ్మంలో ఆగింది.

"గుడ్లు ఉడికించారా?"

"ఆకలేసింది."

"వీడికి కూడానా?"

"నాకింకా ఎక్కువేసిందక్కా," అన్నాడు కండక్టరు, బూట్లు వెతుక్కుంటూ.

ఆవిడ చెత్తబుట్ట వైపు ఒకసారి చూసి, మిషను ముందు కూర్చుంది. ఆ సాయంత్రం మామూలుకంటే ఎక్కువ కుట్టింది.

సోమవారం ఇద్దరూ నాణేలాయన దగ్గరికి వెళ్ళారు. అది మేడమీది గది. బల్ల మీద పచ్చ గుడ్డ, చిన్న త్రాసు, మెడ వంచిన దీపం. గోడ పొడవునా చెక్క పళ్ళేలు. ఒక్కో పళ్ళెంలో గుండ్రటి గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో నాణెం. కిటికీ దగ్గర కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. కళ్ళజోడుకు సన్నటి గొలుసు వేలాడుతోంది. పడవ బొమ్మలు పోగుచేసే మనిషి ఆవిడే.

తళుకుగారు గుడ్డముక్క విప్పి నాణేన్ని బొటనవేలితో, చూపుడువేలితో బొమ్మ మీదే పట్టుకుని ఇవ్వబోయాడు. నాణేలాయన గబుక్కున అరచేయి చాచాడు. "అంచు పట్టుకోవాలండీ, అంచు. బొమ్మను ఎవరూ ముట్టుకోకూడదు." ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ నాణేన్ని చేత్తో పట్టుకున్నానని, కొరికానని మొదట్లో అన్నాను కదా. పట్టుకోలేదు, కొరకలేదు. నాణేలాయన నన్ను దాని దగ్గరికే రానివ్వలేదు. గాజుమూత అవతల నుంచి చూశాను, అదీ ఆ రోజు కళ్ళజోడు మరిచిపోయి. గుండ్రంగా ఉంది, ఆ మాత్రం చెప్పగలను.

నాణేలాయన భూతద్దం కంటికి ఆనించుకున్నాడు. నాణేన్ని దీపం కింద వంచాడు, ఇటు వంచాడు, అటు వంచాడు. తరువాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గుడ్డు," అన్నాడు.

తళుకుగారు తన వేళ్ళు వాసన చూసుకున్నాడు.

"శుక్రవారం నేను చూసిన నాణెం ఇది కాదమ్మా."

"అదేనండీ," అంది తళుకుగారి భార్య.

"అదే అయితే ఎవరో దీని చర్మం వలిచారు. వలిచాక రంగు పూశారు."

తళుకుగారు ఇక ఆగలేకపోయాడు. "చర్మం కాదండీ, మురికి! నల్లగా ఉంటే విలువంటారు, తెల్లగా మెరిస్తే లేదంటారు. ఇదెక్కడి న్యాయం? మా దగ్గర మెరిసిన వస్తువుకే మర్యాద."

నాణేలాయన కోప్పడలేదు. వెనక పళ్ళెంలోంచి రెండు నాణేలు తీసి పచ్చగుడ్డ మీద పెట్టాడు.

"ఇది చూడండి. కొత్తగా కొట్టిన రోజెలా ఉందో ఇవాళా అలాగే ఉంది. కానీ ఇలాంటివి బస్తాలకొద్దీ కొట్టారు. దీన్ని అమ్మితే ఒక పూట తిండి వస్తుంది."

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన," అన్నాడు తళుకుగారు, తనకూ కాస్త తెలుసన్నట్టు.

"అంతే. ఇక ఇది చూడండి. దొరకడమే కష్టం. కానీ ఎవరి జేబులోనో ఇరవై ఏళ్ళు రాసుకుపోయి పలకలా నున్నగా అయింది. ఏ నాణెమో పోల్చుకోవడానికే నాకు అరగంట పట్టింది. దీనికి రెండు పూటల తిండి. మీ నాణెం అరుదు. అది ఇప్పుడూ అరుదే, దాన్ని మీరు కూడా పాడుచెయ్యలేరు. కానీ ఒళ్ళు పోయింది. అరుదూ ఒళ్ళూ రెండూ ఒకచోట కలిస్తేనే అంత ధర. మొన్నటిదాకా కలిసే ఉన్నాయి."

"ఆ నలుపు..."

"ఆ నలుపు దాని సొంతం. ఈ మెరుపు మీ చక్రానిది."

తళుకుగారు కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఎంత వస్తుందని భార్య అడిగింది. గూడు ఖాళీగా ఉంచడం ఇష్టం లేనివాళ్ళు ఎవరైనా తీసుకుంటారు, నాలుగు నెలల అద్దెకు మించి రాదు అన్నాడు నాణేలాయన. తళుకుగారు మనసులో వీధి మలుపులోని తెల్ల గోడల ముందు చెప్పుల జతలు వరసగా పేర్చి చూశాడు. తప్పు తనది కాకపోతే ఏడ్చేవాడు. తనది కాబట్టి దగ్గాడు.

కిటికీ దగ్గరావిడ లేచింది. "నా దగ్గర ఇదే నాణెం ఒకటుంది. దాంట్లో రెండు తాళ్ళు అరిగాయి. అంతకంటే మంచిదని వచ్చాను. ఇది ఎందుకు నాకు?" అని సంచి భుజాన వేసుకుంది.

"ఒక్క మాటమ్మా," అంది దర్జీ ఆవిడ. గొంతు పెంచలేదు. కొలతలు అడిగేటప్పుడు ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. నాణేలాయన వైపు తిరిగి, "తాళ్ళతో ఉన్నవి ఎన్నున్నాయన్నారు మొన్న?"

"నాకు తెలిసి అయిదు."

"ఇప్పుడో?"

నాణేలాయన తళుకుగారి వైపు చూశాడు. "నాలుగు."

"ఆ నాలుగింట్లో ఈ అమ్మగారిది ఒకటి."

"అవును."

"అయిదింట్లో ఒకటిగా ఉన్నప్పటికంటే నాలుగింట్లో ఒకటిగా ఉంటే ఎక్కువ ధర పలుకుతుందా, తక్కువ పలుకుతుందా?"

నాణేలాయన భూతద్దాన్ని బల్ల మీద పెట్టేశాడు. "ఎక్కువే."

"అయితే అమ్మా, శనివారం మధ్యాహ్నం మా ఆయన చేసిన పనికి మా సొత్తు తరిగింది, మీ సొత్తు పెరిగింది. మీరు ఇంట్లో కూర్చునే ఉన్నారు. పెరిగిన దాంట్లో మొత్తం అడగడం లేదు. మా నాణేన్ని కాస్త మంచి ధరకు తీసుకోండి. మీ దాని పక్కన పెట్టుకుంటే మీ తాళ్ళు ఇంకా బాగా కనబడతాయి."

గొలుసు కళ్ళజోడావిడ ముందు ఆశ్చర్యంగా చూసింది, తరువాత పకపకా నవ్వింది. ఎంతగా నవ్విందంటే కళ్ళజోడు జారి గొలుసుకు వేలాడింది. కళ్ళు తుడుచుకుని, ఆరు నెలల అద్దెకు సరిపడా డబ్బు తీసి పచ్చగుడ్డ మీద పెట్టింది.

తళుకుగారు మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాడు. వీధిలోకి వచ్చాక ఆయనకు వెలిగింది.

"శనివారం మధ్యాహ్నం అన్నావు. నీకెలా తెలుసు?"

"ముందుగదిలో చక్రం మారింది. వంటగదిలో కుళ్ళిన గుడ్ల వాసన. నా తమ్ముడు బూట్లు ఎడమది కుడికి తొడుక్కుని పరిగెత్తాడు. ఇంకేం తెలియాలి?"

"తెలిసి కూడా నన్నెందుకు తీసుకొచ్చావే, అందరి ముందూ?"

"నేను చెబితే వింటారా మీరు? భూతద్దం పెట్టుకున్నవాళ్ళు చెబితే వింటారని."

ఆరు నెలల అద్దె తీసుకుని ముసలావిడ దగ్గరికి వెళ్ళారు. ఏడాదంటే ఏడాదే అంది ముసలావిడ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నెలాఖరుకు చెప్పుల కొట్టువాడు గోడలకు మేకులు కొట్టాడు.

ఆ మేకులు కొట్టిన సాయంత్రమే దర్జీ ఆవిడ తన మెడలోని టేపు తీసి, ముందుగదిని కొలవడం మొదలుపెట్టింది. కిటికీ వెడల్పు, గోడ పొడుగు, తలుపు తెరుచుకునేంత జాగా. తళుకుగారు చక్రం పక్కనే నిలబడి చూశాడు. టేపు రెండో కొస పట్టుకోమని ఆవిడ అంది. పట్టుకున్నాడు. పట్టుకున్నాకే అర్థమైంది, తన గదిని తనే కొలిపిస్తున్నానని.

"మోటారు ఎక్కడ పెడతావు?"

"వంటగదిలో. పొయ్యి పక్కన జాగా ఖాళీ అవుతుంది కదా."

"అక్కడ వెలుతురు ఉండదే!"

"పదహారేళ్ళు నాకు సరిపోయిందండీ."

కండక్టరు వచ్చి మోటారు మోశాడు. దారిపొడవునా "బావా, వెనక సీట్లు ఖాళీ, లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అని అరుస్తూనే ఉన్నాడు. నాణెం డబ్బుతో ఆవిడ పొడవాటి కత్తిరింపు బల్ల చేయించింది, రెండో మిషను కొంది. కిటికీలో తళుకుగారు మెరుగుపెట్టిన సామాన్లు ఉండేచోట ఇప్పుడు తలలేని బొమ్మకు నీలం గౌను తొడిగి ఉంటుంది. పని పెరిగింది. తళుకుగారి పని తగ్గలేదు గానీ, ఇత్తడి సామాన్లు తెచ్చేవాళ్ళు బట్టల మధ్యలోంచి నడిచి రావాలి కాబట్టి, సగంమంది రాగానే ముందు రవికె కొలతలు ఇచ్చి, ఆ తరువాత తలుపు పిడి ఇస్తున్నారు. ఆ ఇంట్లో ఇప్పుడు గుమ్మడికాయలో సూదులు రావడం లేదు. ఎర్రముద్ద పొడి వస్తోంది. ఆవిడ ఏమీ అనదు. గిన్నెను కాస్త దూరంగా జరుపుకుంటుంది.

ఇందులో గుడ్లు నిజం, బూటు పాలిష్ నిజం, ఆవిడ అడిగిన లెక్క అక్షరాలా నిజం. కోడిపుంజు కూడా నిజమే, అయితే ఊరు విడిచి వెళ్ళలేదు, పక్క వీధికి వెళ్ళింది. నేను కల్పించింది ఒక్కటే. గొలుసు కళ్ళజోడావిడ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే కథకు బాగుంటుందని నవ్వించాను. ఆవిడ చాలాసేపు కదలకుండా నిలబడి, నాణేన్నీ, దాన్ని తెచ్చినావిడనీ మార్చి మార్చి చూసింది. "లెక్క సరిగ్గానే ఉంది," అంది. సంచిలో ఉన్నంత డబ్బూ తీసి పెట్టింది.